పద్నాలుగు సేవల్లో రెండోది

మార్చి 3, 2025
కాశీబుగ్గ

పదకొండు గంటలకి టక్ చేసుకున్న మనిషొకడు షాపులోకి వచ్చాడు. జిరాక్సుకేమో అనుకున్నాను. చేతిలో ఒక పుస్తకం పెట్టాడు. నిగనిగలాడే కాగితం మీద రంగుల్లో అచ్చేసిన కంపెనీ జాబితా. పేరు ఫణిశంకర్, విశాఖ నుంచి వచ్చాడు. జీడిపప్పు ఫ్యాక్టరీలకి వాళ్ళ కంపెనీ అందించే సరుకులూ సేవలూ కలిపి పద్నాలుగట. జాబితా అంతా తెలుగులోకి మార్చాలి. పలాసలో మంచి తెలుగు రాసేదెవరని అడిగితే నలుగురు నా పేరే చెప్పారట. ఆ నలుగురిలో ముగ్గురైనా నాతో ఎప్పుడో గొడవపడ్డవాళ్ళే అయి ఉంటారు.

కంపెనీ పేరు ఈ డైరీలో రాయను. తిట్టడానికి రాసినా అది ప్రచారమే.

అతను వెళ్ళాక పద్నాలుగూ చదివాను. మొహం చూసి హాజరు వేసే పెట్టె. ఎవరి ట్రేలో ఎంతసేపు చెయ్యి కదిలిందో లెక్కగట్టే కెమెరా. పప్పు సైజు చూసి వేరుచేసే యంత్రం. లారీ ఏ ఊళ్ళో ఆగిందో చెప్పేది ఒకటి. బాయిలర్ ఒత్తిడి పెరిగితే మోగే గంట. యజమాని తిరుపతిలో ఉన్నా ఫోన్లో ఫ్యాక్టరీ అంతా చూపించేది ఇంకొకటి, గదిలో వేడీ ధూళీ కొలిచే మీటరు, ఇలా సాగింది. ప్రతిదాని పక్కనా 'పరిష్కారం' అని గర్వంగా రాసుకున్నారు. సమస్య ఎవరిదో మాత్రం ఒక్క పేజీలోనూ లేదు. జీడి రసం తగిలి ఇక్కడి ఆడవాళ్ళ వేళ్ళ కొసలు నల్లబడి అరిగిపోతే దానికి పద్నాలుగింటిలో ఒక్క పరిష్కారమూ లేదు. ఆ వేళ్ళు ఎంత వేగంగా కదులుతున్నాయో కొలవడానికి మాత్రం మూడున్నాయి. దీన్ని ప్రగతి అనేవాడితో నేను చచ్చేదాకా వాదిస్తాను.

పని ఒప్పుకున్నాను. అవతలివాడి చేతిలో ఏముందో ముందు తెలుసుకోవాలి కదా. అదే కారణం. షాపు ఖాళీగా ఉందని కాదు.

మార్చి 5

రెండో సేవ దగ్గర ఆగిపోయాను. సీటు కెమెరా. అది రోజూ సాయంత్రం యజమానికి 'ఖాళీ కాలం' నివేదిక ఇస్తుంది. ఖాళీ కాలం అంటే ఏమిటో కింద సన్న అక్షరాల్లో వివరించారు. పక్కవారితో మాట్లాడటం, మరుగుదొడ్డికి వెళ్ళడం, నీళ్ళు తాగడం.

ఈ మాటని తెచ్చి ఉద్దానం గడపలో పెడుతున్నారు. కిడ్నీలు పాడై ఇంటికొకరు మంచం పట్టిన ఊళ్ళివి. మా బావ డయాలసిస్ మంచం మీదనుంచే పోయి నాలుగేళ్ళయింది. ఇక్కడి మనిషి నీళ్ళు తాగడం ఖాళీ కాలం అయితే, ఏది నిండు కాలమో ఆ రాసినవాడు వచ్చి చెప్పాలి. వాడు మాత్రం బల్ల మీద సీసా పెట్టుకుని, గుక్క గుక్కకీ ఒక వాక్యం రాసి ఉంటాడు.

అయినా అనువాదం అనువాదమే. 'సీటు వదిలిన ప్రతి నిమిషమూ మీ పేరు మీద నమోదవుతుంది' అని రాశాను. వాక్యం బాగా వచ్చింది. కోపంలో కూడా వాక్యం బాగా రావడం నాకున్న జబ్బు.

తులసి బడి నుంచి వచ్చి చదివింది. "తిడతా తిడతానే ఎంత అందంగా రాసారండీ" అంది. టెక్కలి బడిలో ఎనిమిదో తరగతిని అదుపులో పెట్టే నా భార్య నన్నొక్కణ్ణీ ఎందుకు వదులుతుంది.

మార్చి 7

ఇచ్చేశాను. షాపు ఖాళీగా ఉందని కాదు.

మార్చి 18

వైకుంఠరావు ఫ్యాక్టరీలో ఆ సీటు కెమెరా పెట్టారు. పలాసలో ఇన్ని ఫ్యాక్టరీలుండగా సరిగ్గా అప్ప పనిచేసేదాన్లోనే.

అప్ప నూకాలమ్మ నా తోడబుట్టింది, నాకన్నా నాలుగేళ్ళు పెద్దది. బావ పోయాక పొట్టు తీసి పప్పు రకాలు వేరుచేసే హాల్లో కూర్చుంటోంది. మధ్యాహ్నం ఫోన్ చేసింది.

"ఒరే తారకం, మా హాల్లో గోడ మీద పెద్ద గుడ్డ కట్టినార్రా. సీటొగ్గితే పేరెక్కుద్దంట. మా పక్క ట్రే బిందు సదివితే ఇన్నాను. అచ్చం నీ కరపత్రంలాగుంది."

"నాది కాదే" అన్నాను.

"కాదా. అయితే నీలాగ రాసేవోడు ఇంకోడున్నాడన్నమాట ఈ పలాసలో. పాపం" అని పెట్టేసింది.

ఏప్రిల్ 13 దాకా ప్రయోగమట. ఖాళీ కాలం లెక్కన ఆఖరి మూడు పేర్లని పనిలోంచి తీసేస్తారట.

నేను అప్పతో అబద్ధం చెప్పలేదు. ఆ మాట కంపెనీది. నాది తెలుగు మాత్రమే.

మార్చి 23

ఆదివారం. మందస రోడ్డులో అప్ప ఇంటికి వెళ్ళాను. శుక్రవారం ఇచ్చిన రక్తం రిపోర్టు బియ్యం డబ్బా మీద పెట్టింది. కిడ్నీ దెబ్బతింటే పెరిగే క్రియాటినిన్ ఒకటి పాయింట్ ఆరు. కిందటేడు ఒకటి పాయింట్ రెండు.

"డాక్టరేమన్నాడు?"

"ఇంకా సేతిలోనే ఉందన్నాడు. నీలు బాగా తాగమన్నాడు. మూడు లీటర్లంట. నానేటి, ఆవునేటి."

"ఎన్ని తాగుతున్నావు?"

"పొద్దుట పనికెల్లేముందు ఒక గలాసు. సందేల ఇంటికొచ్చి ఒక గలాసు."

"మధ్యలో?"

"మద్దిలో తాగితే లెగాల కదరా. లెగిత్తే అది సూత్తాది." పైన ఇంటి దూలం వైపు వేలు చూపించింది, కెమెరా ఇక్కడా ఉన్నట్టు. "వారం నుంచి మా హాల్లో ఎవులూ తాగట్లేదు. డ్రమ్ములో నీలు పొద్దుట ఎంతున్నాయో సందేలకీ అంతే."

బావ కూడా ఇలాగే మొదలయ్యాడు. ఒకటి పాయింట్ ఆరు దగ్గరే.

రిపోర్టు మడిచి మళ్ళీ డబ్బా మీద పెట్టాను. చివరికి చెప్పాను. "ఆ గోడ మీద తెలుగు నాదే అప్పా."

"తెలుసురా. కాదన్నావు కదాని ఊరుకున్నాను." అన్నం పెట్టింది. కూరలో ఉప్పు లేదు. ఆమెకి కూడదు కాబట్టి నాకూ లేదు.

మార్చి 24

కరపత్రం రాశాను. పద్నాలుగు సేవలూ పద్నాలుగు సంకెళ్ళే, ఒక్కటీ ఉండటానికి వీల్లేదు. నాలుగు పేజీలొచ్చింది. ఈ పదేళ్ళలో ఇంత బాగా రాయలేదు.

మార్చి 26

సాయంత్రం బిందుమాధవి ఇంటి వీధి అరుగు మీద సమావేశం. ఇరవై మంది దాకా వచ్చారు. బిందుమాధవి అంటే ఆ ఫ్యాక్టరీకి కన్ను. గుప్పెడు పప్పు చేతిలో వేస్తే చూడకుండానే, బరువుతోనే రకం చెప్పేస్తుంది. అప్ప పక్క ట్రే ఆమెది.

కరపత్రం మొత్తం చదివాను. చప్పట్లు రాలేదు.

"మావా, ఆ పద్నాలుగూ ఏటేటో ముందు సదువు. తిట్లు తరవాత ఇంటాం" అంది బిందుమాధవి.

చదివాను. నా తెలుగే, నాకే చదివి వినిపించుకున్నట్టుంది. అయిదోది రాగానే ఆపింది.

"బాయిలర్ కాడ గంటా? అది మోగితే అందరం బైటికి ఎల్లిపోవచ్చు కదేటి. మొన్న దసరాకి ముందు ఆవిరి తన్నీసి రాజులమ్మ మొకం ఉడికిపోనేదా. అది గావాల."

"పదకొండోది కూడాను" అంది అప్ప. "ఎంత ఏడి ఉందో గోడ మీద అంకె కనిపిత్తే, ఫేనెయ్యమని అడగడానికి మనకో మాటుంటాది. ఇప్పుడడిగితే మీకేటి ఏడి, మీరేటి రానీలా అంటన్నాడు మేస్త్రీ."

"అన్నీ ఒకే కంపెనీవి అప్పా. ఒకటి కావాలన్నావంటే పద్నాలుగూ వస్తాయి. మొత్తం వద్దంటేనే పోరాటం" అన్నాను.

"బజార్లో నచ్చిన వంకాయ ఏరుకుంటాం గానీ గంప ఎత్తుకొచ్చేత్తామేటి" అందొకామె వెనకనుంచి. అందరూ నవ్వారు. ఆ నవ్వు నా నాలుగు పేజీల మీదనే.

రెండు గంటలు వాదించాను. యంత్రం ఎవరి చేతిలో ఉంటే వారి మాటే వింటుందన్నాను. అదే నిజమైతే అయిదోదాన్ని మన మాట వినేలా అడుగుదామన్నారు. వాదనలో ఓడిపోయినట్టు కాదు. వాళ్ళు వినలేదంతే.

మార్చి 27

వాళ్ళది తప్పు.

మార్చి 28

రాజులమ్మ ఇవాళ జిరాక్సుకి వచ్చింది. ఎడమ చెంప చూశాను. వాళ్ళది పూర్తిగా తప్పనలేను.

మార్చి 31

అప్ప నీళ్ళు తాగుతోంది. ఎలాగో చెప్పింది.

ఆ హాల్లో ఎప్పటినుంచో ఒక పద్ధతి ఉంది. బాలింత పనిలోకి తిరిగొచ్చిందంటే, బిడ్డకి ఏడాది నిండేదాకా, ఆమె పాలివ్వడానికి లేచినప్పుడల్లా పక్కనున్న ఇద్దరూ ఆమె ట్రేలో చెయ్యి వేసి పని నడిపిస్తారు. దాన్ని 'పక్క సెయ్యి' అంటారు. ఎవరూ అడగరు, ఎవరూ లెక్క పెట్టుకోరు. అప్పకి రిపోర్టు వచ్చిన సంగతి తెలిశాక బిందుమాధవి దాన్నే తీసుకొచ్చింది. అప్ప లేస్తుంది, బిందుమాధవి చెయ్యి అటు వెళ్తుంది. కెమెరా చూసేది ట్రేని. ట్రేలో చెయ్యి కదులుతుంటే మనిషి ఉన్నట్టే.

అప్పతో మొదలై ఇప్పుడు ఆ వరసంతా వంతులవారీగా లేచి తాగుతున్నారట. అందరిలోకీ చురుకు బిందుమాధవి చెయ్యే కాబట్టి నాలుగు ట్రేలకీ ఆమే.

ఇది పోరాటం కాదు, దొంగచాటు సర్దుబాటు అని చెప్పాను.

"సర్దుబాటో సత్తుబేడో, మూత్రం తెల్లగా వత్తంది" అంది అప్ప.

ఏప్రిల్ 9

ఎండ నలభై దాటింది. అప్పకి రోజుకి పది గ్లాసులు.

ఏప్రిల్ 15

ఇవాళ్టిది వివరంగా రాయాలి.

పొద్దున్నే వైకుంఠరావు కబురు పంపాడు. ప్రయోగం రిపోర్టు వచ్చింది, పనివాళ్ళందరి ముందు తెలుగులో చదవాలి, జాబితా రాసినాయనే చదవాలి. వెళ్ళాను. హాల్లో అరవై రెండు మంది ట్రేల వెనక కూర్చున్నారు. ముక్కులకి గుడ్డలు కట్టుకుని ఉంటే కళ్ళే కనిపిస్తున్నాయి. ఒక పక్క షావుకారు, ఇంకో పక్క లాప్‌టాప్‌తో ఫణిశంకర్.

పేర్ల పట్టీ అక్కడే నా చేతిలో పెట్టారు, పైనుంచి చదువుకుంటూ వచ్చాను. నాలుగో స్థానం నూకాలమ్మ. హాల్లో కిసుక్కున నవ్వు. అప్ప తల వంచుకుని పప్పు ఏరుతోంది, మహా బుద్ధిమంతురాలిలా. నలభై, యాభై, అరవై. అరవై రెండో పేరు రెండుసార్లు చూసుకుని చదివాను.

బిందుమాధవి.

నాలుగు ట్రేలలో ఆమె చెయ్యి ఉన్నంతసేపూ ఆమె ట్రే ఖాళీగా ఉంది. మూడు వారాలు ఇంతమందిమి ఇంత తెలివిగా నడుపుకొచ్చాం అనుకున్నాంగానీ, ఈ సంగతి ఒక్కరికీ తట్టలేదు. ఎవరి ట్రే ఎవరిదని ఆ హాల్లో ఎవరూ ఎప్పుడూ చూసుకోరు కాబట్టి తట్టలేదు.

"సరిగ్గా చదవండి మేస్టారూ" అన్నాడు వైకుంఠరావు.

"సరిగ్గానే చదివాను."

"కిందనుంచి మొదలెట్టారేమో."

"డేటా తప్పు చెప్పదు సార్" అన్నాడు ఫణిశంకర్. "ఈమె ట్రేలో రోజుకి సగటున రెండు గంటల పది నిమిషాలు చెయ్యి కదల్లేదు. ఆఖరి ముగ్గురిలో మొదట తియ్యాల్సింది ఈమెనే."

వైకుంఠరావు అతన్ని చూశాడు. లాప్‌టాప్‌ని చూశాడు. బిందుమాధవిని చూశాడు. "ఫణీ, పదిహేనేళ్ళ నుంచి నా సరుకు ఓడ ఎక్కేది ఈ పిల్ల కన్ను మీద. ఒక్క డబ్బా వెనక్కి రాలేదు. ఈవిడ ఆఖరిదా?" తర్వాత అప్ప వైపు తిరిగాడు. "నువ్వు నాలుగోదానివా?"

"నాకూ ఇడ్డూరంగానే ఉంది బాబూ" అంది అప్ప.

బిందుమాధవి ముక్కు మీద గుడ్డ విప్పి లేచింది. గొంతు పెంచలేదు.

"సావుకారు బాబూ, నూకాలప్పకి కిడ్నీ జబ్బు మొదలయింది. నీలు తాగడానికి లెగిత్తే నా సెయ్యి ఆ ట్రేలో ఉంటాది. ఇంకోలు లెగిత్తే ఆల్ల ట్రేలో ఉంటాది. మీ మిషను ట్రేకి పేరెట్టింది గానీ సేతికి ఎట్టనేదు. ఇప్పుడు నన్ను తీసెత్తారో, దాన్ని తీసెత్తారో మీ ఇష్టం."

"బిందుని తీసెత్తే నన్నూ తీసెయ్యండి. నా నాలుగో రేంకు దాని సేతిదే" అంది అప్ప. ఆ వరసలో ఇంకో ముగ్గురు లేచారు. తర్వాత వెనక వరస.

"అంటే నెల్లాళ్ళుగా నన్ను మోసం చేస్తున్నారు" అన్నాడు వైకుంఠరావు.

"మోసమేటి బాబూ. పప్పు తక్కువొచ్చిందేటి?" అంది బిందుమాధవి.

అప్పుడు నాకు వెలిగింది. ఆ పేర్ల పట్టీ తప్ప రిపోర్టంతా పొద్దున రెండుసార్లు చదివినవాణ్ణి నేను. యజమాని మొదటి పేజీ చూస్తాడు, అమ్మేవాడు ఆఖరి పేజీ చూస్తాడు, అనువాదకుడు ఒక్కడే అన్నీ చదువుతాడు. తొమ్మిదో పేజీ తీశాను.

"దానికి జవాబు ఇక్కడుంది. కెమెరా పెట్టి ఎవరూ లేవని మొదటి వారం వందకి డెబ్బై ఎనిమిది గుండు పప్పు, మిగతాది ముక్కా బద్దా. ఆ తర్వాతి వారాల్లో గుండు పప్పు ఎనభై మూడు. వీళ్ళు సీట్లు వదిలారు, నీళ్ళు తాగారు, విరిగే పప్పు తగ్గింది. దాహంతో ఉన్న చెయ్యి పప్పుని విరుస్తుంది. ఇది నా కరపత్రం కాదు వైకుంఠరావు గారూ. మీరు తెప్పించుకున్న యంత్రం చెప్పిన మాట. నన్ను నమ్మొద్దు, దాన్ని నమ్మండి."

ముప్పై ఏళ్ళలో చాలా సభల్లో మాట్లాడాను. ఇంత చిన్న ఉపన్యాసం ఎప్పుడూ ఇవ్వలేదు. ఇంత బాగా ఎప్పుడూ తగల్లేదు.

వైకుంఠరావు ఫణిశంకర్ చేత ఆ పేజీ తెరిపించి తానే చూసుకున్నాడు. గుండు పప్పు సంగతి ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఏం కావాలి మీకు?"

"రెండోది వద్దు. అయిదోది, పదకొండోది గావాల" అంది బిందుమాధవి. "గంటకోపాలి అందరం లెగిసి నీలు తాగుతాం. దొంగసాటుగా కాదు. గంట కొట్టి."

ఆయన నా వైపు తిరిగాడు. "వీళ్ళకి నంబర్లెవరు నేర్పారు?"

"మీరిచ్చిన పుస్తకమే. తెలుగులో ఉంది కదా" అన్నాను.

ఒప్పుకున్నాడు. వెంటనే కాదు. ముప్పావుగంట గొణిగాడు, సణిగాడు, మేస్త్రీని తిట్టాడు. గంటకోసారి అన్నది గంటన్నరకి దించబోయాడు, బిందుమాధవి దించనివ్వలేదు. చివరికి తలూపాడు. ఫణిశంకర్ ముందు మొహం మాడ్చుకుని, అంతలోనే తేరుకుని, "ఒకటి తీసి రెండు పెట్టించుకుంటే మాకే అభ్యంతరమూ లేదు సార్" అన్నాడు. కంపెనీ ఓడిపోలేదని నాకు తెలుసు. కంపెనీలు అంత తేలిగ్గా ఓడవు. ఇవాళ ఓడింది రెండో నంబరు. అది చాలు. అరుగు మీద ఆ ఇరవై మంది చెప్పింది ఇదే. నేను ఇరవై రోజులు ఆలస్యంగా రాస్తున్నాను.

ఫణిశంకర్ నిచ్చెనెక్కి కెమెరాలు విప్పుతుంటే కింద అప్పే నిచ్చెన పట్టుకుంది. "జాగర్త బాబూ, పడిపోగలవు. నీకేటైనా అయితే మళ్ళీ మా మీదకొత్తాది" అంటోంది. మొత్తం హాలు నవ్వింది. గుడ్డలు విప్పేసిన మొహాలతో.

ఏప్రిల్ 17

అప్ప రిపోర్టు. ఒకటి పాయింట్ ఆరు. పెరగలేదు. ఉద్దానంలో పెరగకపోవడమే పండగ. తులసి టెక్కలి నుంచి వస్తూ పుచ్చకాయ తెచ్చింది. అప్పకి ఎంత పెట్టచ్చో ముందు డాక్టరుకి ఫోన్ చేసి కనుక్కుంది. ఒక ముక్క.

ఏప్రిల్ 21

మొదటి నీళ్ళ గంట ఇవాళ పది గంటలకి. నా వాక్యం ఉన్న గుడ్డని గోడ మీదనుంచి నా చేత్తోనే దింపుతానని అడిగి, ఆ సమయానికే వెళ్ళాను. గుడ్డ దింపి మడుస్తుంటే గంట కొట్టారు. అరవై రెండు మంది ఒక్కసారి లేవడం నేనెప్పుడూ చూడలేదు. డ్రమ్ము చుట్టూ గ్లాసుల చప్పుడు. అప్ప రెండు గ్లాసులు తాగి మూడోది బిందుమాధవికి అందించింది. గోడ మీద కొత్త మీటరు ముప్పై తొమ్మిది చూపిస్తోంది. మేస్త్రీ ఎవరూ అడక్కుండానే రెండో ఫ్యాను వేశాడు.

పదకొండు గంటలకి రెండో గంట. అప్పుడు తెలిసింది అసలు సంగతి. ఫ్యాక్టరీకి మరుగుదొడ్లు రెండే. ఇన్నాళ్ళూ అందరూ ఒకేసారి తాగలేదు, ఒకేసారి వెళ్ళలేదు, కాబట్టి ఆ రెండే ఎక్కువని అందరూ అనుకున్నారు. ఇప్పుడు వరస వెనక గోడ నుంచి మొదలై, బాయిలర్ పక్కనుంచి తిరిగి, గేటు మధ్యలోకి వచ్చి ఆగింది. గేటు బయట సరుకు ఎక్కించుకోవడానికి వచ్చిన లారీ. డ్రైవరు హారన్ కొట్టాడు. ఒక్కరూ పక్కకి జరగలేదు. జరిగితే వరసలో చోటు పోతుంది.

"ఏటమ్మా, సమ్మేటి?" అని అరిచాడు కిందకి వంగి.

"సమ్మె కాదు నాయనా. నీలు తాగినాం" అంది అప్ప.

హారన్ విని వైకుంఠరావు బయటికి వచ్చాడు. లారీని చూశాడు, వరసని ఈ చివర నుంచి ఆ చివరదాకా చూశాడు. ఏదో అనబోయి ఆగి, జేబులోంచి ఫోన్ తీసి తాపీమేస్త్రీ నంబరు వెతకడం మొదలుపెట్టాడు.

డ్రైవరు ఇంజను ఆపేశాడు. దిగొచ్చి, మెడలో తువ్వాలుతో మొహం తుడుచుకుని, డ్రమ్ము దగ్గర గ్లాసు తీసుకుని నింపుకున్నాడు.